పెద్దాపరేషన్ కాదమ్మా

లెస్టర్,
2025 నవంబరు 16, ఆదివారం.

అమ్మా,

ఫోన్‌లో చెబుదామని మూడుసార్లు చూశాను. ఒకసారి నాన్న పక్కనే ఉన్నాడు. ఇంకోసారి చిన్నత్త వచ్చి కూర్చుంది. మొన్నేమో నువ్వు స్పీకర్లో పెట్టి చిక్కుళ్లకి ఈనెలు తీస్తున్నావు. అందుకే ఈ కాగితం. మా వీధిలో ఉండే ఇచ్ఛాపురం గుంటడు పెళ్లిచూపులకని వస్తున్నాడు, సోంపేట స్టేషన్లో తమ్ముడి చేతికిస్తానన్నాడు. కవరులో రెండు ఉత్తరాలున్నాయి. చిన్నది నాన్నకి. ఇది నువ్వొక్కదానివే చదువుకో. కళ్లజోడు పెట్టుకుని, పొయ్యి మీద ఏమీ లేనప్పుడు.

మేం బావున్నాం. ఉద్యోగం ఎప్పట్లాగే ఉంది, చెప్పుకోడానికేం లేదు. మీ అల్లుడికి రాత్రి డ్యూటీలు తప్పాయి. చలి దిగింది, సాయంత్రం నాలుగు దాటితే చీకటే. కార్తీకం ఆఖరి ఆదివారం కదా, కొబ్బరితోటలో వనభోజనాలకి వెళ్లుంటారు మీరంతా. ఈసారి పనసపొట్టు కూర ఎవరు వండారు? పోయినసారి పిన్ని ఆవ ఎక్కువేసి చెడగొట్టిందన్నావు.

సరే. ఆపరేషనుకి తారీఖు ఇచ్చారమ్మా. డిసెంబరు 9. అవును, మంగళవారమే. నువ్వేమంటావో నాకు ఇక్కడికి వినిపిస్తోంది. వంతు వచ్చిన రోజున కాదంటే మళ్లీ వరస చివరికి పోవాలి, వారం వర్జ్యం చూసుకునే వీల్లేదు.

ఆపరేషను అనగానే నీ కళ్ల ముందుకి పెద్దమ్మే వస్తుంది. నాకూ ఆవిడే వచ్చింది. అప్పుడు నేను ఎనిమిది చదువుతున్నాను, సెలవులని నన్నూ నీతో ఆసుపత్రికి తీసుకెళ్లావు. ఆయా వచ్చి "పేషెంటు తాలూకు ఎవరమ్మా" అని స్టీలు ట్రే చూపించింది. ఎర్రగా, ముద్దగా, అంతేనా అన్నంత చిన్నది. నువ్వు గబుక్కున నా మొహం మీద పైట కప్పేశావు. వాయిల్ చీర అమ్మా అది. అందులోంచి అన్నీ కనిపించాయి. నీకెప్పుడూ చెప్పలేదు.

పెద్దమ్మకి అప్పుడు 33 ఏళ్లు. ఇప్పుడు నాకు 34. తెల్లబట్ట అవుతోందని వెళ్తే, ఇద్దరు పిల్లలున్నారు ఇంకా సంచి దేనికన్నారు. అదే మాట, మన ఊళ్లో ఎంతమందికి చెప్పారో. మొన్న ఫిబ్రవరిలో వచ్చినప్పుడు ఆవిడ బీరువాలోంచి ఆ పాత కాగితాలు తీయించి చదివాను. సంచితో పాటు రెండు పక్కలా ఉండే అండాశయాలూ తీసేశారు. ఆవిడకి ఆ సంగతి తెలీదు. ముప్పై అయిదుకే ఆవిర్లు, చెమటలు, మోకాళ్లు పట్టెయ్యడం, "దిష్టి తగిలింది" అని మీరందరూ ఎండుమిరపకాయలు తిప్పడం. అది దిష్టి కాదు. అవి తీసేస్తే ఎవరికైనా ఒక్కసారిగా ముట్లుడిగిన ఒళ్లైపోతుంది. ఆవిడకి ఈ మాట చెప్పాలో వద్దో నాకిప్పటికీ తేలడం లేదు.

నాది పెద్దాపరేషన్ కాదమ్మా. సంచి జోలికి పోరు. అందులోని గడ్డ తీస్తారు, అదీ ఒక్కటే.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. జామకాయని తలకిందులుగా పెట్టినట్టు సంచి. నాకు మూడున్నాయి. బయటికి వేలాడుతున్నట్టు ఉన్నది 6 సెంటీమీటర్లు, మన బత్తాయంత అనుకో. గోడ లోపల ఇరుక్కున్నది 4, నిమ్మకాయంత. మూడోది రెండున్నర, ఈ నెల్లో నువ్వు దీపం పెట్టే ఉసిరికాయంత, అది సంచి లోపలికి, బిడ్డ అంటుకోవాల్సిన చోటుకి పొడుచుకొచ్చి ఉంది.

వైజాగ్‌లో స్కాన్ తీయించినప్పుడు అందరి కళ్లూ బత్తాయి మీదే కదా. ఆ డాక్టరు రెండు నిమిషాలు చూసి, పొట్ట కోసి అన్నీ తీసేద్దాం అంది. అప్ప ఫోన్ చేసినప్పుడల్లా "అంత గడ్డ పెట్టుకుని ఎలాగ తిరుగుతున్నావే" అంటుంది. పెద్దది కాబట్టి అదే దొంగ అనుకున్నాం. ఇక్కడ ఎమ్మారై తీశాక తెలిసింది, బయట వేలాడేది ఎంతున్నా పిల్లలు పుట్టడానికి అడ్డు కాదట. మరీ పెరిగి పొత్తికడుపు నొక్కితేనో, మూత్రానికి ఇబ్బందైతేనో చూస్తారు. దొంగ ఉసిరికాయే. నెలనెలా నాకంత రక్తం పోడానికీ అదే, నిలవాల్సింది నిలవకపోడానికి అడ్డు కాగలిగిందీ అదే.

దాన్ని తియ్యడానికి పొట్ట కొయ్యక్కర్లేదు. మత్తిచ్చి, కింద నుంచే సన్నటి గొట్టం పంపి, తీగ చుట్టలాంటి దాంతో కొద్దికొద్దిగా చెక్కి తీసేస్తారు. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యొచ్చు. ఇంట్లో ఒక రోజు తోడుండాలి, అంతే. వారం రెండు వారాలు కొద్దిగా మైల పడుతుంది. ఒక్కోసారి లోతుగా ఉంటే ఒకేసారి పూర్తిగా రాదు, రెండోసారి రమ్మంటారు, అదీ ముందే చెప్పింది. లోపల గీరుకుని అతుకులు పడే భయం కొంచెం ఉంది, గొట్టం గోడకి గుచ్చుకోవడం ఎప్పుడో అరుదుగా. అన్నీ రాసి సంతకం పెట్టించుకుంటారు. నేను చదివే పెట్టాను.

మధ్యలో ఆ నిమ్మకాయ ఉంది చూశావూ, నిద్రపట్టనివ్వనిది అదే. గోడలో ఉన్నవి తియ్యాలా వద్దా అన్నదానికి డాక్టర్లలోనే రెండు మాటలున్నాయట. సంచి లోపలి పొరని నొక్కితే తియ్యమంటారు. నాది ఆ పొరకి తగల్లేదు. తీయించుకుంటే గోడ కోసి కుట్టాలి, అది గట్టిపడే దాకా మూడు నుంచి ఆరు నెలలు పిల్లల మాట ఎత్తకూడదు, తర్వాత నిలిచినా కాన్పు కోసి చేద్దామంటారు, ఎందుకంటే కుట్టిన చోట నొప్పుల్లో విడిపోవచ్చు. విడిపోవడం చాలా తక్కువేనట గాని తెగించరు. వదిలేస్తే కడుపుతో ఉన్నప్పుడు పెరగొచ్చు, నొప్పి రావొచ్చు, బిడ్డ అడ్డం తిరగొచ్చు. గడ్డలతోనే నెలలు నిండి కన్నవాళ్లే ఎక్కువ అంది.

"మీరైతే ఏం చేస్తారు" అని అడిగాను ఆవిణ్ణి. నవ్వి, నేను మీరు కాదు కదా అంది. మన దగ్గరైతే ఆ మాటకి కోపమొచ్చేది. ఇక్కడ మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజున నేనే తేల్చుకున్నాను. ఉసిరికాయ తీయిస్తాను. మిగతా రెండూ ఉండనిస్తాను. రెండు నెలలాగి చూడొచ్చంది. 34 ఏళ్లకి ఆరు నెలలు నాకు చిన్నవి కావమ్మా.

ఇది మీ అల్లుడు నా మీద పెట్టిన నిర్ణయం కాదు. అలా ఎవరైనా అంటే ఒప్పుకోకు. తనైతే ఇంకా భయపడుతున్నాడు.

పోయిన ఏడాది సంగతి ఎత్తకూడదనుకున్నాను. తొమ్మిది వారాలు. నువ్వు ఫోన్‌లో "పోన్లే గుంటా, వేళ కాలేదు" అన్నావు, ఆ తర్వాత మనిద్దరం మళ్లీ ఎప్పుడూ ఆ మాట అనుకోలేదు. అది ఈ గడ్డ వల్లేనా అని అడిగాను. కావొచ్చు, కాకపోవచ్చు, గట్టిగా చెప్పలేనంది. నాకు కావాల్సిన జవాబు అది కాదు. ఇదే కారణం అంటే కనీసం నేను సైకిల్ తొక్కడం వల్ల కాదని తేలేది. బొప్పాయి తిన్నావా అని అత్త అడిగింది కదా, నేను తినలేదమ్మా. నీకు తెలుసు, నాకసలు అది ఇష్టమే ఉండదు.

నాన్న క్రియాటినిన్ ఎంతొచ్చింది ఈసారి? పలాస వెళ్లి చూపించారా, లేక "వచ్చే నెల" అంటున్నాడా? ఆ కాగితం ఫోటో తీసి పంపమను తమ్ముణ్ణి. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి మాత్రలు మింగనివ్వకు. ఇంటికొకరికి కిడ్నీలు పాడయ్యే మన ఉద్దానంలో పుట్టి ఆ మాట నేను చెప్పాలా. నేను మాత్రం నెలకి పట్టీ పట్టీ మింగేశాను రెండేళ్లు, ఆ కోపం ఆయన మీద చూపిస్తున్నానేమో.

రక్తం 8.6 ఉంది, అందుకే ముందు వారం సెలైన్‌లా చేతికి ఐరన్ ఎక్కిస్తారు. చోళ్ల అంబలి తాగుతున్నాను, మునగాకు ఇక్కడ బెల్‌గ్రేవ్ రోడ్డులో గుజరాతీ కొట్లో దొరుకుతుంది, అదీ వండుతున్నాను. ఐరన్ మాత్ర టీతో మింగకూడదు తెలుసా, ఒంటికి పట్టదట. ఇన్నాళ్లూ పొద్దున్నే టీ గ్లాసుతోనే గుటుక్కుమనిపించాను. అప్పకి కూడా చెప్పు, తనూ అంతే.

నువ్వు పంపిన పొడి తాగలేదు. కోప్పడకు. కరిగిపోయాయని ఆ మనిషి ఎంతమంది పేర్లు చెప్పినా, ఏ ఆకు పసరుకీ గడ్డలు కరగవు. ముట్లుడిగాక వాటంతట అవి చిన్నవవుతాయి, ఆ వయసు దాకా నేను ఆగలేను కదా. ఇంజెక్షన్లతో కొన్నాళ్లు కుంచించుకుపోతాయి గాని ఆపితే మళ్లీ పెరుగుతాయి, పైగా అవి వాడినన్నాళ్లూ నెలసరే ఉండదు. గడ్డకి రక్తం అందకుండా చేసి ఎండబెట్టే పద్ధతి కూడా ఒకటుంది, పిల్లలు కావాలనుకునేవాళ్లకి మామూలుగా వద్దంటారు.

కాన్సరేమో అని నువ్వు అప్పని అడిగావట. కాదు. ఇలాంటి గడ్డలు సగానికి పైగా ఆడవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఉంటాయి, చాలామందికి ఉన్నట్టే తెలీదు. చెడ్డదవడం ఎంతో అరుదు. తీసిన ముక్క ఎలాగూ పరీక్షకి పంపుతారు.

నేను దాన్ని చూశానమ్మా. సెప్టెంబర్లో మెలకువగా ఉండగానే కెమెరా పెట్టి చూశారు, పక్కన టీవీలో కనిపిస్తుంది, చూస్తారా అని అడిగారు. నొప్పి, మొదటి రోజు నొప్పిలాంటిదే. ఉప్పునీళ్లు పంపి సంచిని కాస్త ఉబ్బిస్తారు. లోపలంతా లేత గులాబీ రంగు. ఇంత శుభ్రంగా ఉంటుందా అనిపించింది. ఒక మూల నుంచి తెల్లగా, నున్నగా, మీద సన్నటి ఎర్ర నరాలు పాకి, ముంజె తొంగిచూస్తున్నట్టు ఉంది. అచ్చం ముంజే. నాన్న వేలితో పెకిలించి మా నోట్లో పెట్టేవాడు చూడు, అలాంటిది. నర్సు నా చెయ్యి పట్టుకుని ఉంది, నాకు ఎందుకో నవ్వొచ్చింది. ఆ స్టీలు ట్రే తర్వాత ఇన్నేళ్లకి మళ్లీ సంచి అన్నదాన్ని చూడటం, అదీ నాదే, నా లోపలే, బతికి ఉన్నదాన్ని.

డబ్బు గురించి బెంగ వద్దు. వీసాతో పాటే ఏడాదికి 1,035 పౌండ్లు ఆసుపత్రి కింద ముందే కట్టించుకున్నారు, ఆపరేషనుకి విడిగా పైసా అడగరు. తోట మీద అప్పు తేవాలా అని తమ్ముణ్ణి అడిగావట. తిత్లీ తుపానుకి పడిపోయిన చెట్ల చోట 2019లో నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. వాటి మీద చెయ్యి వెయ్యకండి.

నువ్వు రానక్కర్లేదు అని రాద్దామని కూర్చున్నాను. రావాలనే ఉంది. నువ్వొచ్చి, వేడినీళ్లు పోసి, వాము కారప్పొడి అన్నం కలిపి పెడితే చాలు అనిపిస్తుంది రాత్రిపూట. కానీ నాన్న మందులు ఎవరు చూస్తారు. ఇంటికే వచ్చేసి చేయించుకోమని నువ్వన్నావు, పత్యం పెట్టి మూడు నెలలు చూసుకుంటానన్నావు. వస్తే నాకు తిరిగి వెళ్లబుద్ధి కాదు, అదీ భయం. ఇంకోటి, అక్కడ గేటు దగ్గరకొచ్చిన ప్రతివాళ్లూ "ఏటమ్మా, ఏటైనా విశేషమా" అంటారు. ఇక్కడ పక్కింటివాళ్లకి నా పేరే సరిగా పలకడం రాదు. కొన్నిసార్లు అదే హాయి.

అరసవల్లిలో మొక్కుకున్నావని అప్ప చెప్పేసింది. ఏం మొక్కావో మాత్రం చెప్పదు. తలనీలాలైతే నీవే ఇచ్చుకో, నాది రక్తం లేక ఇప్పటికే దువ్వెన నిండా వస్తోంది.

అత్తకి నేనే చెప్తాను, నువ్వు చెప్పకు. చిన్నత్తకి అసలే వద్దు. నాన్నకి రాసిన దాంట్లో "చిన్న పరీక్ష" అని రాశాను, అదే మాట మీద ఉండు.

ఆ గుంటడు డిసెంబరు 28న తిరిగొస్తాడు. చోడిపిండి రెండు కిలోలు, జీడిపప్పు బద్దలు, నీ పాత నేత చీర ఒకటి ఇవ్వు, కప్పుకోడానికి. ఆవకాయ వద్దు, పోయినసారి నూనె కారి పాపం అతని చొక్కాలన్నీ పోయాయి. 9న సాయంత్రం మీకు చీకటి పడి ఎంతసేపైనా ఫోన్ రాకపోతే కంగారు పడకు, మనకీ వీళ్లకీ అయిదున్నర గంటల తేడా. మీ అల్లుడు చేస్తాడు. పెరట్లోకి వెళ్లి మాట్లాడు.

నీ గుంట