మౌంట్ కట్టర్ కొనేముందు మీ కాగితం కొలత చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

సొంత చిత్రాలకు ఇంట్లోనే పటం కట్టుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఉపయోగకరంగా ఉంది. అయితే మౌంట్ బోర్డు, అంటే పటంలో బొమ్మ చుట్టూ మార్జినులా అమర్చే మందపాటి అట్ట, కోయడానికి పదునైన కత్తి, స్టీలు స్కేలు ఉంటే చాలునని అందులో రాసిన మాటతో, నీటిరంగులతో పనిచేసే నేను ఏకీభవించలేకపోతున్నాను. ఫ్రేము చెక్కనూ అద్దాన్నీ దుకాణంలో కోయించి తెచ్చుకోవచ్చు. చిత్రం చుట్టూ కనిపించే మౌంటు అంచు వంకరపోతే మాత్రం ఎంత మంచి బొమ్మ అయినా చూపు ముందు ఆ వంకర మీదికే పోతుంది. అందుకే ఆ కోతకు ఎటువంటి పనిముట్టు కొనుక్కోవాలో కొంత వివరంగా రాస్తున్నాను.

మౌంటు కేవలం అలంకారమని, ఖర్చు తగ్గించుకోవాలంటే ముందుగా మానేయవలసింది అదేనని అనుకునేవారు మన నగరంలో చాలామంది ఉన్నారు. నిజానికి సముద్రపు గాలి ఏడాది పొడవునా ఇళ్లలోకి వచ్చే విశాఖలో దాని అవసరం ఇతర ఊళ్లకంటే ఎక్కువ. అద్దం లోపలివైపు చేరిన తేమ నేరుగా కాగితానికి తగలకుండా, అద్దానికీ బొమ్మకూ మధ్య సన్నని ఖాళీని మిగిల్చేది మౌంటే. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానులో తడిసిన పటాలను విప్పి చూసినవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. మౌంటు లేని పటాల్లో చాలావాటికి రంగు కాగితం మీద కంటే అద్దం మీదే ఎక్కువగా మిగిలింది.

మామూలు మౌంట్ బోర్డు మందం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు. దానిలోని కిటికీని, అంటే బొమ్మ కనబడేలా మధ్యలో తీసే ఖాళీని, నిట్టనిలువుగా కాక 45 డిగ్రీల వాలుగా కోస్తారు. అలా కోసినప్పుడు బోర్డు లోపలి తెల్లదనం బొమ్మ చుట్టూ సన్నని గీతలా కనబడుతుంది, అంచు నీడ కూడా బొమ్మ మీద పడదు. ఈ వాలును నాలుగు వైపులా ఒకే తీరుగా ఉంచడం చేతిలో పట్టుకున్న కత్తికి సాధ్యమయ్యే పని కాదు. ఎంత నిలకడైన చేతికైనా స్కేలు చివరికి వచ్చేసరికి కోణం కాస్త మారుతుంది. అందువల్ల బ్లేడును ఒకే కోణంలో బిగించి ఉంచే కట్టరు తప్పనిసరి. ఏ కట్టరు అన్నదే ప్రశ్న.

అన్నిటికంటే చవకైనది స్కేలు పక్కన జరుపుతూ కోసే చేతి కట్టరు. అమెరికాలో తయారయ్యే లోగన్, జపాన్‌కు చెందిన ఓల్ఫా వంటి కంపెనీలు ఇటువంటివి అమ్ముతున్నాయి. కోణాన్ని ఇవి నిలకడగానే ఉంచుతాయి కాని, స్కేలు జారకుండా ఒక చేత్తో అదిమిపట్టే భారం మాత్రం మనదే. పోస్టుకార్డు సైజు బొమ్మలకూ, ఏడాదికి నాలుగైదు పటాలు కట్టుకునేవారికీ ఇది చాలు. అంతకు మించి కోసేవారు, నా అభిప్రాయంలో, ఈ మెట్టు మీద ఆగకుండా పలకకు బిగించిన కట్టరుకే వెళ్లడం మేలు. ఇందులో పలక అంచున అల్యూమినియం పట్టీ ఒకటి ఉంటుంది, బ్లేడు ఉన్న తల దాని వెంటే జరుగుతుంది. బోర్డును పట్టీయే అదిమిపడుతుంది. మార్జిను వెడల్పును పక్కనున్న గైడు మీద ఒకసారి అమర్చుకుంటే ప్రతి వైపునా మళ్లీ కొలిచే శ్రమ ఉండదు.

ఈ పలక పొడవు దగ్గరే కొనేవారు తికమకపడుతుంటారు. ధరను బట్టి కాకుండా తాము వేసే కాగితం కొలతను బట్టి నిర్ణయించుకుంటే తికమక చాలావరకు తీరిపోతుంది. నీటిరంగులకు వాడే ఇంపీరియల్ అనే సైజు పూర్తి కాగితం 22×30 అంగుళాలు, అందులో సగం 15×22. సగం కాగితం మీద వేసిన బొమ్మకు చుట్టూ మూడంగుళాల మౌంటు వదిలితే బయటి కొలత సుమారు 21×28 అవుతుంది కనుక 32 అంగుళాల కట్టరు హాయిగా సరిపోతుంది. పూర్తి కాగితం మీద వేసేవారికి అదే మార్జినుతో బయటి కొలత 28×36 దాకా పోతుంది. 32×40 మౌంట్ బోర్డు షీటును నిలువునా ఒకే కోతతో తెంపాలన్నా 40 అంగుళాల పలక ఉండాలి. అంతకంటే పెద్దవి, 48, 60 అంగుళాలవి, ఫ్లెచర్, కీన్‌కట్ వంటి కంపెనీలు పటాల దుకాణాల కోసం చేసేవి. అపార్టుమెంటులో ఉండేవారు అటువంటి యంత్రానికి ఒక గది వదలవలసి వస్తుంది, ఆ గది అద్దె లెక్క కడితే జన్మంతా దుకాణంలోనే పటాలు కట్టించుకోవచ్చు. కంప్యూటరుతో నడిచే కట్టర్ల ఊసు ఇక్కడ అనవసరం.

కొనేముందు దుకాణంలోనే ఒక ముక్క కోసి చూపించమని అడగడంలో మొహమాటం అక్కరలేదు. చూడవలసింది మూలలు. బోర్డును వెనుకవైపు నుంచి, వాలుగా కోస్తాం కనుక, ముందువైపు మూల సరిగ్గా కలవాలంటే బ్లేడును కిటికీ కొలతకు వెనుక గీసిన గీతకు దాదాపు బోర్డు మందమంత ముందే దించి, అవతలి గీత దాటి అంతే దూరం పోనివ్వాలి. తక్కువైతే మధ్య ముక్క ఊడిరాదు, బలవంతంగా లాగితే మూలలో కాగితం పీచులు లేస్తాయి. ఎక్కువైతే బొమ్మ మూల దాటి వెంట్రుకంత గాటు పడుతుంది, అద్దం వెనుక పెట్టాక అది మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మంచి కట్టర్లలో ఈ దూరాన్ని చూపే గుర్తు గాని, తల కదలకుండా ఆపే స్టాపు గాని ఉంటుంది. నాలుగో కోత పూర్తయి బోర్డును పైకెత్తగానే మధ్య ముక్క తనంతట తాను రాలిపడితే ఆ కట్టరు సర్దుబాటు బాగున్నట్టే. ఆ తరువాత కిటికీ రెండు కర్ణాలనూ కొలిచి చూడాలి. అవి సమానంగా లేకపోతే పలకకున్న లంబకోణపు పట్టీ సరిగా లేదన్నమాట.

కోత గరుకుగా వచ్చిన ప్రతిసారీ యంత్రాన్ని తిట్టుకునేవారికి ఒక మాట: తప్పు చాలాసార్లు బ్లేడుది. సన్నని బ్లేడు మొద్దుబారగానే మనకు తెలియకుండానే గట్టిగా అదుముతాం, అది వంగి తిన్నని కోతను విల్లులా చేస్తుంది. కోసే బోర్డు కింద అదే బోర్డు తుక్కు ముక్క ఒకటి పరచి, బ్లేడు దాని మీద సన్నని గీత మాత్రమే పెట్టేంత లోతుకు అమర్చుకోవాలి. మన ఊరి గాలికి విడి బ్లేడ్లు డబ్బాలోనే తుప్పు పడతాయి, కాబట్టి అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయాలి. పట్టీకి నూనె రాయడం మాత్రం వద్దు, ఆ మరక నేరుగా బోర్డుకు ఎక్కుతుంది. వర్షాకాలంలో తేమ పీల్చుకున్న బోర్డు తెగడానికి బదులు చిరుగుతుంది, గోడకు చేరవేసి ఉంచినదైతే వంగిపోతుంది. దాన్ని పాలిథీను చుట్టి బల్లపరుపుగా ఉంచుకోవడం మంచిది. బోర్డు కూడా ఆమ్లరహితమైనదే కొనాలి. చవక గుజ్జుతో చేసిన బోర్డు కొన్నేళ్లకు కోసిన అంచు పొడవునా గోధుమరంగుకు తిరిగి, కింది కాగితం మీద కూడా అదే రంగు గీతను మిగులుస్తుంది.

ఇక ఒక విన్నపం. 40 అంగుళాలకు మించిన కట్టరు ఒక్కొక్క చిత్రకారుడికీ ఏడాదిలో ఏ ప్రదర్శనకు ముందో తప్ప అవసరపడదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ లలిత కళల విభాగం గాని, ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం గాని 60 అంగుళాల కట్టరు ఒకటి కొని, గంటకు ఇంత అని నామమాత్రపు రుసుము తీసుకుని బయటివారిని కూడా వాడుకోనిస్తే నగరంలోని చిత్రకారులకు ఎంతో మేలు జరుగుతుంది. బ్లేడు, అడుగున వేసుకునే తుక్కు బోర్డు ఎవరివి వారే తెచ్చుకోవాలన్న నియమం పెడితే నిర్వహణ ఖర్చు కూడా పెద్దగా ఉండదు. సంబంధిత అధికారులు దీనిని పరిశీలించవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నీటిరంగుల చిత్రకారిణి,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం