మధ్య పోయిన బెజ్జం

కావలి,
ఆదివారం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. కొత్తపట్నంలో చెరువుగట్టు మీద ఉన్న మోటారు స్టార్టర్ పెట్టెకి 20 మి.మీ. బెజ్జం ఉంది, కొత్త కేబులు లావు, పీజీ 21 సైజు గ్లాండు (కేబులును పెట్టెకి బిగించే మరబిళ్ళ) పట్టాలి, అంటే 28 మి.మీ. పైచిలుకు బెజ్జం కావాలి, దాన్ని ఎట్టా పెంచాలి అని కదా నీ ప్రశ్న. "ఉన్న బెజ్జమే కదా, పెద్ద బిట్టు పెట్టి తిప్పితే పోలా" అని కూడా రాశావు చూడు, అక్కడే ఆగు. ఇది చివరిదాకా చదివాక మిషను ముట్టుకో.

కొత్త బెజ్జం వేయడం తేలికరా, ఉన్నదాన్ని పెంచడమే తిప్పలు. కొత్త రేకు మీదయితే సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొడతావు, బిట్టు ముక్కు అందులో కూర్చుంటుంది, ఇంక పక్కకి జరగదు. నీ పెట్టెలో ఆ ముక్కు కూర్చోవాల్సిన చోట గాలి తప్ప ఏమీ లేదు. బెజ్జం ఉంది గానీ మధ్య పోయింది. అందుకని ఏ పనిముట్టు చేతికొచ్చినా, దీన్ని మధ్యలో నిలబెట్టేది ఏంది అని ముందు చూసుకో.

మామూలు ట్విస్ట్ బిట్టును నిలబెట్టేది ఏదీ లేదు. దానికి కోసే అంచులు రెండే. మందపాటి ఇనుములో అయితే ముక్కు దిగి, గోడలు పట్టి సర్దుకుంటుంది. 1.2 మి.మీ. రేకులో ముక్కు అవతలికి పోయాక పట్టుకోవడానికి మందమే లేదు. ఒక మూల తగులుకుంటుంది, బిట్టు మెలిక స్క్రూ మాదిరి రేకును పైకి లాక్కుంటుంది. బెజ్జం మూడు మూలలుగా వస్తుంది. అదీ అదృష్టం బాగుంటేనే. బాగాలేకపోతే విడి రేకు ఫ్యాను రెక్కలా తిరిగి చెయ్యి కోస్తుంది. 10ని 12 చేసుకోవడం లాంటి చిన్న పనికి వేరే దారి లేకపోతే, పాత నూలు గుడ్డను నాలుగు మడతలు పెట్టి బెజ్జం మీద వేసి, దాని మీద నుంచి బిట్టును నిదానంగా దించు. గుడ్డ బిట్టు చుట్టూ ఇరుక్కుని అదిరిపోకుండా ఆపుతుంది, బెజ్జం చాలావరకు గుండ్రంగా వస్తుంది. నీ 28కి మాత్రం ఈ మాట మర్చిపో.

నీకు కావాల్సింది స్టెప్ బిట్టు. మెట్ల మెట్లుగా గోపురంలా ఉంటుందే, అది. 4 నుంచి 32 దాకా ఉన్నది తీసుకో. 2 మి.మీ. చొప్పున 15 మెట్లు ఉంటాయి. 4 నుంచి 20 దాకా ఉన్నది చవగ్గా దొరుకుతుంది గానీ నీ బెజ్జం దగ్గరే ఆగిపోతుంది, ఏం లాభం! ఒంగోలు ట్రంకు రోడ్డు కొట్లలో అడిగేటప్పుడు హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీలు) అని అడుగు. బంగారు రంగు పూత చూసి మోసపోకు, ఆ రంగు పదును కాదు. దీని గొప్పేందంటే ప్రతి మెట్టూ కింది మెట్టు చేసిన బెజ్జంలో ఊత తీసుకుంటుంది. నీ 20 బెజ్జంలో 20 మెట్టు సరిగ్గా కూర్చుంటుంది, 22 మెట్టు కోయడం మొదలెడుతుంది. పోయిన మధ్యను పాత బెజ్జం అంచే తిరిగి ఇస్తుందన్న మాట.

అందువల్లనే ఒక ఇబ్బంది కూడా ఉంది. పాత మధ్య ఎక్కడుంటే కొత్త మధ్యా అక్కడే. గ్లాండు నట్టు పెట్టె లోపలి మూలకి తగులుతుందేమో ముందే చూసుకో. నట్టు మూల నుంచి మూలకి కొలిచి సగం చెయ్యి, దానికి 3 మి.మీ. కలుపు. బెజ్జం మధ్య నుంచి రేకు వంపు దాకా అంత చోటు ఉండాలి. లేకపోతే, ముందు జరపాల్సిన వైపు ఆకురాయితో రాసి బెజ్జాన్ని పక్కకి తెచ్చుకుని, తర్వాత స్టెప్ బిట్టు పెట్టాలి. పెట్టాక జరపాలంటే జరగదు.

ఇప్పుడు కొలత. పీజీ 21 గ్లాండు మరకి 28.3 మి.మీ. బెజ్జం కావాలి. బిట్టు మీద 28 మెట్టు ఉంది, 30 మెట్టు ఉంది, మధ్యలో లేదు. 28 దాకా బిట్టుతో పోయి, ఆ మిగిలిన వెంట్రుకవాసి హాఫ్ రౌండ్ ఆకురాయితో చుట్టూ రెండు మూడు రాపులు రాయి, గ్లాండు దూరుతుంది. బద్ధకించి 30కి పోతే గ్లాండు అటూ ఇటూ ఆడుతుంది, రబ్బరు వాషరు ఒక పక్కకి జారుతుంది, వాన నీళ్ళకి దారి ఇచ్చినట్టే. ఎప్పుడైనా 22 మి.మీ. పుష్ బటన్ పెట్టుకునేటప్పుడు కూడా ఇదే లెక్క. పేరుకి 22, బెజ్జం 22.3 కావాలి. గ్లాండు కొనే ముందు కేబులు బయటి మందం వెర్నియర్‌తో కొలువు. 13 నుంచి 18 మి.మీ. మధ్యలో ఉంటేనే పీజీ 21. అంతకన్నా సన్నమయితే రబ్బరు ఎంత బిగించినా పట్టదు.

పనికి ముందు మెయిన్ తియ్యి, ఫ్యూజు క్యారియర్లు పీకి జేబులో వేసుకో, మూడు ఫేజులూ టెస్టరు పెట్టి చూడు. లోపల కెపాసిటర్ ఉంటే మెయిన్ తీసినా దాంట్లో కరెంటు నిలిచి ఉంటుంది, ఆ సంగతి ఎలక్ట్రీషియన్‌కి వదిలెయ్. కాంటాక్టరు (మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి), రిలే ఉన్న పలకను నాలుగు స్క్రూలు విప్పి బయటకి తీయగలిగితే అంతకన్నా మంచిది లేదు. తీయలేకపోతే ప్లాస్టిక్ కవరు కప్పి అంచులన్నీ టేపు వెయ్యి. బిట్టు వదిలే రజను సన్నటి ఇనుప తీగలు మామా. ఒక్క తీగ కాంటాక్టరు మీద రెండు ఫేజుల మధ్య పడిందనుకో, కరెంటు ఇచ్చిన క్షణంలో ఢాం అంటుంది. పని అయ్యాక నోటితో ఊదకు, రజను ఇంకా లోపలికి పోతుంది. అయస్కాంతాన్ని కవరులో చుట్టి అంతా తిప్పు, కవరు తిరగేస్తే రజను కవరుతోనే వచ్చేస్తుంది.

కరెంటు తీసేశావు కాబట్టి బ్యాటరీ డ్రిల్లే గతి. అదీ మంచికే. దాన్ని ఒకటో గేరులో పెడితే నిదానంగా, బలంగా తిరుగుతుంది. వైరు మిషన్లు పూర్తిగా నొక్కితే 2,800 దాకా పోతాయి, ఈ పనికి అంత వేగం విషం. మెత్తటి ఇనుములో హెచ్.ఎస్.ఎస్. అంచు నిమిషానికి 25 మీటర్లు నడిస్తే చాలు. 28 మి.మీ. దగ్గర అది 280 చుట్లు మాత్రమే. ఎక్కువ తిప్పితే అంచు నీలం తిరుగుతుంది, నీలం తిరిగిన అంచు చచ్చినట్టే లెక్క. హ్యామర్ మీట ఉంటే ఆపేశావా లేదా రెండుసార్లు చూసుకో. దెబ్బలకి మెట్లు పెచ్చులూడతాయి.

పెట్టె పైముఖానికి పేపరు టేపు అంటించు, పెయింటు పెచ్చు లేవదు. 30 మెట్టుకి మార్కరుతో నల్లరంగు పూయి, ఆ రంగు రేకు దగ్గరికి రాగానే ఆపాలని గుర్తు. ఒక చుక్క మోటారు ఆయిలు, లేకపోతే కొబ్బరి నూనె. బిట్టును నిటారుగా పెట్టి, ఒకే తీరు ఒత్తిడితో దించు. ఒత్తిడి చాలకపోతే కోయదు, రుద్దుతుంది, వేడెక్కుతుంది. మెట్టు దాటేటప్పుడు మిషను గుటుక్కున కిందికి జారుతుంది, అక్కడ చెయ్యి బిగబట్టు. లేకపోతే 28 దాటి 30లో దిగుతావు. 28 పూర్తయ్యాక 30 మెట్టు అంచు రేకును ముద్దుపెట్టుకున్నంత మాత్రం తాకించి తీసెయ్, కోసినప్పుడు పైఅంచున లేచిన పదునైన ముల్లు పోతుంది. లోపలి వైపు ముల్లు ఆకురాయితోనే తీయాలి. కళ్ళద్దాలు తప్పవు. చేతికి గుడ్డ గ్లవుజు మాత్రం వద్దు, బిట్టు దాన్ని చుట్టుకుని వేలితో సహా లాగుతుంది.

బిట్టు కొనడం దండగ అనుకుంటే ఆకురాయి ఒక్కటే చాలు, కాస్త ఓపిక కావాలి. బెజ్జానికి అడ్డంగా టేపు అంటించి మధ్య గుర్తు పెట్టు, డివైడర్‌ను 14 మి.మీ.కి తెరిచి రేకు మీద వలయం గియ్యి. ముందు గీతకి లోపల నాలుగు వైపులా నాలుగు గాడులు రాసి, తర్వాత వాటి మధ్య మిగిలింది రాయి. ఒకే చోట మొదలెట్టి చుట్టూ పోతే కోడిగుడ్డు అవుతుంది. ముందుకు తోసేటప్పుడే ఒత్తు, తోస్తూ మణికట్టు కొంచెం తిప్పు, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తు. రేకు కీచుమంటే వెనక చెక్క పెట్టి సి క్లాంపు బిగించు. అల్యూమినియం రేకు అయితే ఆకురాయి పళ్ళలో సుద్దముక్క రుద్దు, పూడుకుపోదు.

32 దాటితే హోల్ సా, అంటే గిన్నెలా ఉండే రంపపు బిట్టు. దాని మధ్య బిట్టుకీ ఇదే జబ్బు, దిగడానికి రేకు లేదు. మందు మాత్రం బాగుంటుంది. విడి ప్లైవుడ్ ముక్కలో అదే హోల్ సాతో ముందు బెజ్జం వెయ్యి. ఆ ముక్కను రేకు మీద కావాల్సిన చోట పెట్టి గట్టిగా క్లాంపు చెయ్యి. మధ్య బిట్టు తీసేసి, హోల్ సాను ఆ చెక్క బెజ్జంలోంచి దించు. చెక్క గోడే పట్టి ఉంచుతుంది. ఇక్కడ మధ్య నువ్వు చెప్పినచోటే, పాత బెజ్జం మాట వినక్కర్లేదు. చెక్క 12 మి.మీ. కన్నా పలచన వద్దు. 38 మి.మీ. సాకి 230 చుట్లు, 51కి 170, అంతే. చీమకుర్తిలో గ్రానైట్‌కి వాడే కోర్ బిట్టు ఎవరైనా ఇస్తానంటే దండం పెట్టు. అది రాయికి చేసింది, ఇనుము మీద వేడెక్కి మొద్దుబారుతుంది.

పొగాకు బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) గొట్టం రేకుల్లాగా 60ని 80 చేయాల్సి వస్తే, కొనేది ఏమీ లేకుండా వరసబెజ్జాలు. 75 మి.మీ. వలయం గీసి, దాని మీద 4.5 మి.మీ. దూరానికి ఒకటి చొప్పున 4 మి.మీ. బెజ్జాలు, దాదాపు 52 పడతాయి. మధ్య మిగిలిన సన్న నరాలు ఉలితో కొట్టి, పళ్ళు ఆకురాయితో దించు. విసుగు పని, కానీ వంక లేని పని. యాంగిల్ గ్రైండరుతో గుండ్రటి బెజ్జం కోయబోకు. నిప్పురవ్వలు పెయింటులో అతుక్కుని, పెట్టె అంతా తుప్పు చుక్కలు లేస్తాయి.

తుప్పంటే గుర్తొచ్చింది. మీ సముద్రగాలికి కోసిన అంచు పచ్చిపుండు లాంటిది. నూనె తుడిచి, జింక్ ప్రైమరు చిన్న కుంచెతో రెండు పూతలు వెయ్యి, లోపలి అంచుకి కూడా. ఆరాకే గ్లాండు బిగించు. బెజ్జం పెట్టె అడుగున ఉందా, పక్కన ఉందా, నువ్వు రాయలేదు. పైన ఉంటే దాన్ని పెంచొద్దు, మూత వేసి మూసెయ్, అడుగున కొత్తది వెయ్యి. కేబులును గ్లాండు కిందికి ఒక వంపు తిప్పి పైకి తెస్తే నీటిచుక్క వంపు దగ్గరే రాలిపోతుంది.

ఇదంతా రాత్రికి పెట్టుకోకు. తెల్లారుజామున చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుందని నాకన్నా నీకే బాగా తెలుసు, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు అప్పుడు ఆగకూడదు. మంచి ఎండ కాసే రోజు చూసి, మధ్యాహ్నం పన్నెండుకి మెయిన్ తియ్యి. గ్లాండు, ప్రైమరు, ఆకురాయి అన్నీ గట్టు మీదికి ముందే తెచ్చిపెట్టుకో. ప్రైమరు ఆరడంతో కలిపి మూడింటికల్లా మళ్ళీ మోటారు తిరగాలి.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. బెజ్జం అడుగున ఉందో పక్కన ఉందో ఉత్తరం రాయి.

నీ
మామ