మన సోమిద చెట్టు ఇక్కడ కనిపించింది

లండన్,
18 మే 2025, ఆదివారం

అమ్మకి,

నాన్నకి చుక్కల మందు టైముకి వేస్తున్నావా? కంటి ఆపరేషన్‌కి నేను రాలేదని పెద్దత్త ఏదో అందట, చెల్లి చెప్పింది. సెలవు అడిగాను, ఇవ్వలేదు. అంతే. ఆఫీసు మామూలే.

నిన్న ఇక్కడి పెద్ద మొక్కల తోట, క్యూ గార్డెన్స్‌కి వెళ్లాను. పూలు చూడ్డానికి కాదు, మామూలుగా జనాన్ని రానివ్వని హెర్బేరియంలోకి. నాతో పనిచేసే అమ్మాయి వాళ్లక్క అక్కడే ఉద్యోగం, ఆవిడ తిప్పి చూపించింది. ఎర్రరంగు ఇనప స్తంభాలు, మెలికల మెట్లు, ఎటు చూసినా బీరువాలు. వాటిలో కాగితాలకి అతికించిన ఎండు మొక్కలు, 70 లక్షలకు పైనే. కొత్తగా ఏది వచ్చినా పురుగు చావాలని ముందు ఫ్రీజర్‌లో పెడతారట. నువ్వు బియ్యంలో వేపాకు వేస్తావే, ఆ తిప్పలే. ఆ కాగితాన్ని పుస్తకంలో పేజీలా తిప్పేయకూడదు. నిండు పెరుగు గిన్నెలా రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాలి.

మీది ఏ ఊరని అడిగింది. ఎప్పుడూ హైదరాబాద్ అనేస్తాను, నిన్న ఎందుకో సామర్లకోట పక్కన అని వచ్చేసింది. "రాక్స్‌బర్గ్ ఉన్న ఊరా!" అంది. నాకు నోట మాట రాలేదు. ఆయన ఈస్టిండియా కంపెనీ డాక్టరు, 1793లో కలకత్తా వెళ్లకముందు మన దగ్గరే ఉండి మిరియాల తోట వేయించి, మొక్కలు పోగేశాడు. ఇన్నేళ్లు ఆ రోడ్లమ్మట తిరిగాం, మనకెవరు చెప్పారు?

లైబ్రరీలో ఆయన పుస్తకం తీసి చూపించింది. కోరమాండల్ తీరపు మొక్కలు, మొదటి భాగం 1795లో ఇక్కడే అచ్చయింది. ఒక బొమ్మ దగ్గర ఆగి, ఇప్పుడు దీని పేరు సోయ్‌మిడా అంది. అమ్మా, అది సోమిద! మనవాళ్లు పిలిచే పేరు ఆయన రాసిపెడితే, 1830లో జుస్యూ అనే ఫ్రెంచి ఆయన దాన్నే శాస్త్రీయ నామంగా ఖాయం చేశాడు. ఇంటిపేరు మనది, తర్వాతి పేరు ఫెబ్రిఫ్యూగా, జ్వరాన్ని తరిమేదని.

జ్వరమొస్తే మామ్మ ముక్కు మూసి పోసేదే, ఆ చేదు కషాయం, అది సోమిద చెక్కేనా? సంతలో ఏజెన్సీ నుంచి వచ్చే ముసలాయన దగ్గర కొనేది. పిన్నికి తెలుస్తుందేమో అడుగు. రాక్స్‌బర్గ్ మన దేశపు చిత్రకారులతోనే బొమ్మలు వేయించాడట. వాళ్ల పేరు ఆ పేజీలో లేదు. సోమిద అని ఆయనకి చెప్పిందెవరో అదీ లేదు. ఎవరి మామ్మో అయ్యుంటుంది.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. కంగారు పడకు, ఊరికే.

ఆవకాయ పంపకు, ఇంకా సగం సీసా ఉంది. నాన్న టీవీ చూస్తుంటే కట్టేసెయ్.

నీ
బుజ్జి