కొసలంక ఎక్కడ?

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

వేసవి సెలవుల్లో మా అపార్టుమెంటు పిల్లలూ నేనూ కలిసి అల్లుకున్న ఊహాలోకం పటాన్ని మీ దగ్గర ప్రింటు చేయించాం. ఆ లోకానికి తూర్పు చివర కొసలంక అనే ద్వీపదేశం ఉంది. తుపాను వచ్చినప్పుడల్లా రాజధానిని పడవలెక్కించి పక్కకి జరుపుకునే జనం వాళ్లు. పటం విప్పి చూస్తే ఆ దేశమే లేదు. మీ కటింగ్ మిషన్ మింగేసింది. అంచున సగం లైట్‌హౌస్, ఒక తెరచాప ముక్క మిగిలాయి. సరే, మిషన్ అన్నాక పొరపాటు జరుగుతుంది. నా బాధ అది కాదు.

ఫోన్ చేస్తే మొదట మాట్లాడిన అమ్మాయి "కృష్ణలంకా సార్?" అంది. నేనుండేది సత్యనారాయణపురంలో, పోయింది కొసలంక అన్నాను. "దాని పిన్‌కోడ్ చెప్పండి" అంది. అక్కడ ఇంకా పోస్టాఫీసు పెట్టలేదమ్మా అన్నాను. హోల్డ్‌లో పెట్టింది. మీ మ్యూజిక్ వింటూ కుక్కర్ దించి, పప్పు ఎనిపి, తాలింపు కూడా వేసుకున్నాను. ఇంగువ వాసన వచ్చేసరికి లైన్ కట్టయింది.

ఇంకోసారి చేస్తే ఒకాయన "ద్వీపాలకి మా డెలివరీ లేదు సార్" అన్నాడు. ఆ తర్వాత లైన్లోకి వచ్చిన ఆయన పైఆఫీసరైతే మరీ ఘనుడు. "నెట్‌లో వెతికించాం సార్, అలాంటి దేశమే లేదు. కాబట్టి ప్రింటులో తప్పు లేనట్టే" అని తేల్చేశాడు. ఆ సాయంత్రమే మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, మాకు రేటింగ్ ఇవ్వండి! ఎవరు పరిష్కరించారు స్వామీ?

బందరు రోడ్డులోని మీ బ్రాంచికి చుట్టిన పటం చంకన పెట్టుకుని వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు దాన్ని విప్పనైనా విప్పకుండా "ఆన్‌లైన్ ఆర్డర్లతో మాకు సంబంధం లేదండీ" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండానే. అతని వెనక గోడ మీద 'మీ సంతృప్తే మా లక్ష్యం' అని పెద్ద బోర్డు. అక్షరాలు మాత్రం బాగా ప్రింటు చేశారు.

మన పురాణాల్లో ఏడు ద్వీపాలున్నాయి. చివరిది పుష్కరద్వీపం. దాని చుట్టూ మంచినీటి సముద్రం, ఆ అవతల లోకాలోక పర్వతం. చివర ఉంది కదా అని ఏ పౌరాణికుడూ దాన్ని కత్తిరించి పారేయలేదు. మీకే అంత తొందరేమిటో!

మా మేనకోడలి శుభలేఖలు మీ దగ్గరే వేయించాం. ఏటా క్యాలెండర్లూ మీవే. ఎదురు వీధిలో తక్కువకి వేస్తానన్నవాణ్ణి కాదని మీ దగ్గరికే వచ్చినందుకు ఇదా మర్యాద?

పటం మళ్లీ వేసిస్తారో, డబ్బు వాపసు ఇస్తారో మీ ఇష్టం. ముందు మనిషన్నవాడు ఎవరైనా ఫోన్ చేసి, నేను చెప్పేది చివరిదాకా వినాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీ గ్రీవెన్స్ ఆఫీసరు 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా తేల్చాలి. అసలు ఆ ఆఫీసరు ఉన్నారా, లేక ఆయన్నీ కటింగ్‌లో పోగొట్టారా? ఈసారీ ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మా మూడో అంతస్తు లాయరు గారు ఫీజు వద్దన్నారు. వాళ్లబ్బాయే కొసలంక నౌకాదళాధిపతి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
సత్యనారాయణపురం, విజయవాడ