ఫిబ్రవరి 2 సంగతి నీకు చెప్పకపోతే నిద్ర పట్టదు

తెనాలి,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

ఒరేయ్ చిన్నా,

సంక్రాంతికి రాస్తానన్న ఉత్తరం ఇప్పటికి రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించరా. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. పెద్దదానికి ఇంటర్ ప్రాక్టికల్స్, ఇల్లంతా టెన్షన్. మీ పెదనాన్నగారి స్థలం కాగితాలు చేతికొచ్చాయి, నకళ్లు ఇందులోనే పెడుతున్నాను. ఇంకేమైనా ఉంటే చివర్లో రాస్తాలే. ముందు పోయిన ఆదివారం సంగతి చెప్పాలి. ఫోన్లో చెబుదామంటే నువ్వు సగంలో అందుకుని పాడటం మొదలుపెడతావు, ఇక నా మాట ముందుకు సాగదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

పోయిన ఆదివారం ఫిబ్రవరి 2. శంకరాభరణం విడుదలై సరిగ్గా 45 ఏళ్లు. మనవాళ్లు లైబ్రరీ పక్క హాల్లో పాటల సభ పెట్టారు. పాటకీ పాటకీ మధ్య నాలుగు మాటలు చెప్పే పని నాకు అప్పగించారు. శనివారం సాయంత్రం రిహార్సల్‌కి వెళ్లేసరికి స్టేజీ వెనక ఫ్లెక్సీ కట్టేస్తున్నారు. విశ్వనాథ్ గారు ఉన్నారు, ఏడిద నాగేశ్వరరావు గారు ఉన్నారు, సంగీతం చేసిన మహదేవన్ మామ, వేటూరి, సోమయాజులు గారు, మంజుభార్గవి, మధ్యలో పెద్దగా బాలు. అందరూ ఉన్నారు, బాగానే ఉంది. వాణీ జయరాం లేదు.

చిన్నా, నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సినిమాకి జాతీయ అవార్డులు నాలుగు వచ్చాయి కదా. జనం మెచ్చిన ఉత్తమ చిత్రంగా ఒకటి, సంగీతానికి మామకి ఒకటి, గాయకుడిగా బాలుకి ఒకటి, గాయనిగా ఆవిడకి ఒకటి. నాలుగింటిలో ఒకటి ఆవిడది! అడిగితే నిర్వాహకుల్లో ఒకాయన "లేడీ సింగర్ అంటే జానకి గారు కదండీ, ఓంకార నాదాను ఆవిడేగా" అన్నాడు. జానకమ్మ పాడిన ఓంకార నాదాను, సామజవరగమనా మహాద్భుతం, కాదన్నదెవరు? కానీ మానస సంచరరే? బ్రోచేవారెవరురా? ఏ తీరుగ నను? పలుకే బంగారమాయెనా? దొరకునా ఇటువంటి సేవ? వీటన్నిటిలో వినిపించే ఆ పిల్లాడి గొంతు, శంకరశాస్త్రి శిష్యుడు శంకరం గొంతు, ఎవరిది? అక్కడున్న వాళ్లలో సగం మందికి తెలియదురా. పాటలు తెలుసు, ప్రతి సంగతీ తెలుసు, గొంతు ఎవరిదో తెలియదు. మన రికార్డు పిన్ని ఉండి ఉంటే ఆ హాలు నుంచి ఒక్కొక్కడినీ సైడ్ బి తిప్పినట్టు తిప్పి పంపేది. (నవ్వుతున్నావు కదూ. నాకు తెలుసు.)

ఇక్కడ నీతో ఎప్పుడూ అనని మాట ఒకటి చెప్పాలి. ఈ మధ్యే తట్టింది. శంకరశాస్త్రి గొంతుకి మొదట బాలమురళీకృష్ణ గారిని అనుకున్నారని మనకి తెలుసు. బాలుకి కర్ణాటక సంగీతం గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్న విద్య కాదు. నావల్ల కాదని భయపడితే మామ వదల్లేదు, మామ సహాయకుడు పుహళేంది గారు దగ్గర కూర్చుని నేర్పించారు. ఆ కష్టం గురించి బాలు ఎన్నిసార్లు చెప్పుకున్నాడో, ఎంత కృతజ్ఞతగా చెప్పుకున్నాడో! సరే. మరి వాణి? వెల్లూరులో పుట్టి చిన్నప్పటి నుంచీ కర్ణాటకం నేర్చుకుంది. బ్యాంకు ఉద్యోగం చేస్తూ కూడా వదల్లేదు. పెళ్లయి బొంబాయి వెళ్లాక పటియాలా ఘరానాకి చెందిన ఉస్తాద్ అబ్దుల్ రెహమాన్ ఖాన్ దగ్గర హిందుస్తానీ నేర్చుకుంది. 1971లో గుడ్డీ అనే హిందీ సినిమాలో వసంత్ దేశాయ్ బాణీకి పాడి దేశం మొత్తాన్ని తనవైపు తిప్పుకుంది. అంటే తెర మీద మహా విద్వాంసుడైన గురువుకి గొంతిచ్చినవాడు సంప్రదాయంగా నేర్చుకోనివాడు, ఓనమాలు దిద్దుకుంటున్న శిష్యుడికి గొంతిచ్చినావిడ రెండు సంప్రదాయాలూ నేర్చినావిడ. ఇద్దరికీ జాతీయ అవార్డు. బాలుకి అది మొదటిది. ఆలోచించు ఒక్కసారి. అంత విద్య పెట్టుకుని దాన్నంతా పక్కన పెట్టి, పిల్లాడు పాడినట్టు పాడటం ఎంత కష్టం! గమకం వేయగలిగి కూడా వేయకుండా ఆగటం. ఎక్కడ ఆగాలో తెలియటం.

పైగా తెర మీద ఆ శంకరం పాత్ర వేసింది తులసి, ఆడపిల్ల. మగపిల్లాడి వేషంలో ఆడపిల్ల, ఆ పిల్లకి వాణి గొంతు. ఇన్నేళ్లుగా మనం అందులో ఒక అబ్బాయినే చూశాం, ఒక అబ్బాయినే విన్నాం.

ఆగు, రిహార్సల్ సంగతి పూర్తి కాలేదు. చివరి పాట దొరకునా. బాలు పాటలు పాడే ఆయన (పేరు వద్దులే, నీకు తెలుసు, గోలీసోడా కచేరీ ఆయనే) ఇంకా మంచి గాయకుడయ్యాడు, ఆ పాట రాగం బిలహరిని చక్కగా పట్టుకుంటాడు. కానీ పాట మొత్తం తానే పాడతానన్నాడు. ఆఖరి భాగం కూడా. "టైమ్ చాలదు, పిల్లలు స్టేజీ మీదకి వచ్చి దిగేసరికి రసభంగం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ పాటలో కథంతా అక్కడే ఉందిరా! కచేరీ మధ్యలో శాస్త్రిగారి ఊపిరి అందదు, పాట ఆగిపోతుంది, అప్పుడు పిల్లాడు వచ్చి అందుకుంటాడు. గురువు వదిలిన చోట శిష్యుడి గొంతు మొదలవకపోతే ఆ పాట ఎందుకు? ఒకే మనిషి రెండూ పాడేస్తే శాస్త్రిగారికి ఏమీ కానట్టే, శంకరం పుట్టనట్టే. నేను గట్టిగానే అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. మృదంగం మాస్టారు ఇంతసేపూ శ్రుతి చూసుకుంటూ ఊరుకున్నాయన తలెత్తి "మా మనవరాలు పాడుతుంది, నేను చూసుకుంటా" అన్నారు. అంతే, ఇంకెవరూ మాట్లాడలేదు. ఫ్లెక్సీ మార్చటానికి టైమ్ లేదన్నారు. నేను ఆ రాత్రే ఆవిడ ఫోటో ఒకటి ప్రింటు తీయించి అట్టకి అంటించి తెల్లారేసరికి పట్టుకెళ్లాను. స్టేజీ ముందు బల్ల మీద, దీపం పక్కన పెట్టాం.

సభ రోజు హాలు నిండింది. నాకిచ్చిన నాలుగు మాటల్లో సినిమా గొప్పతనం ఎక్కువ చెప్పలేదు. స్టార్లు లేరని మొదట కొనేవాళ్లు ముందుకు రాలేదనీ, తర్వాత తమిళనాట, కేరళలో కూడా ఆడిందనీ అందరికీ తెలిసిందే. ఆఖరి పాటకి ముందు మాత్రం తేదీలు చెప్పాను. 1980 ఫిబ్రవరి 2న శంకరాభరణం వచ్చింది. 2023లో అదే ఫిబ్రవరి 2న విశ్వనాథ్ గారు వెళ్లిపోయారు, 92 ఏళ్లు. రెండు రోజులకే, ఫిబ్రవరి 4న, చెన్నైలో వాణీ జయరాం. పద్మభూషణ్ ప్రకటించి పది రోజులన్నా నిండుగా గడవలేదు, అందుకోకుండానే. అప్పటికి బాలు లేడు, మామ లేడు, వేటూరి లేడు, సోమయాజులు గారు లేరు.

నీకు ఆ వారం గుర్తుందా? నువ్వు అర్ధరాత్రి దాటాక ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు. నాకు అర్థమైంది. మళ్లీ శనివారం నేను చేశాను. ఆవిడ ఇల్లు నుంగంబాక్కంలోనే, నీకు ఎంత దూరం, అన్నాను. నువ్వు అప్పటికే బండి తీశానన్నావు. ఆ తర్వాత మనం దీని గురించి సరిగ్గా మాట్లాడుకోనే లేదు. ఎందుకో... సరే, వదిలేయ్.

సినిమాలో గురువు పడిపోతే శిష్యుడి గొంతు పాటని నిలబెట్టింది. నిజంలో దర్శకుడు వెళ్లిన రెండు రోజులకి ఆ గొంతే వెళ్లిపోయింది. ఇది మైకులో చెబుతుంటే నా గొంతు పట్టేసింది. హాల్లో ఎవరూ కదల్లేదు. అందుకని ఇంక పొడిగించకుండా "ఇప్పుడు దొరకునా" అనేసి దిగిపోయాను.

గోలీసోడా ఆయన ఆ రోజు ప్రాణం పెట్టి పాడాడు, నిజం చెబుతున్నాను. ముందు రోజు కోపం ఎక్కడా లేదు. ఆగాల్సిన చోట ఆగాడు, మైకు నుంచి రెండడుగులు వెనక్కి కూడా వేశాడు. పిల్ల అందుకుంది. దానికి పదేళ్లుంటాయేమో. శ్రుతి మీద నిలబడి, భయం లేకుండా, ఎక్కడా అతి చేయకుండా. తాత మృదంగం మీద దాన్ని పట్టుకునే ఉన్నారు, కళ్లు మాత్రం దాని మీద నుంచి తీయలేదు. చప్పట్లు పాట అయిపోయాక కూడా వెంటనే రాలేదురా. కాసేపటికి వచ్చాయి, ఇక ఆగలేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇంకా చెప్పలేదు. సభయ్యాక కుర్చీలు సర్దుతుంటే ఒక పెద్దావిడ బల్ల దగ్గరకి వచ్చి ఆ ఫోటో ముందు నిలబడింది. గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయిందట. "బాబూ, ఆ పిల్లాడి గొంతు ఈవిడదా? ఇన్నేళ్లూ ఎవరో అబ్బాయి పాడాడనుకున్నాను. నైట్ డ్యూటీలో చంటిపిల్లలకి ఏ తీరుగ నను పాడేదాన్ని. ఆ అబ్బాయి పెద్దయి ఏమయ్యాడో, పాడటం మానేశాడేమో అనుకునేదాన్ని" అంది. నేను స్వాతికిరణం గురించి చెప్పాను. అదే విశ్వనాథ్ గారు, అదే మామ, మళ్లీ పిల్లాడి పాత్ర, మళ్లీ ఆవిడ గొంతు, మళ్లీ జాతీయ అవార్డు. అప్పటికి ఆవిడకి నలభై అయిదు దాటాయి. "అయితే ఆనతినీయరా కూడా ఈవిడేనా!" అని ఆవిడ అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. తర్వాత నన్ను ఆవిడ పేరు కాగితం మీద రాసిమ్మంది. రాసిచ్చాను. మడిచి పర్సులో పెట్టుకుంది.

అవార్డులు, పద్మాలు అన్నీ ఒక ఎత్తురా చిన్నా. ఆవిడ పాడింది ఎంత నిజంగా పాడిందంటే, ఒక మనిషి ఇన్నేళ్లు ఆ పిల్లాడు ఎలా ఉన్నాడోనని బెంగపడింది! కానీ ఆ పాడిన మనిషి పేరు మాత్రం ఆవిడ దాకా చేరలేదు. నాకు సంతోషమూ అదే, బాధా అదే. వచ్చే ఫిబ్రవరిలో 4వ తేదీన విడిగా సభ పెట్టాలని మాస్టారూ నేనూ అనుకున్నాం. ఆవిడ పాటలే. 1973లో అభిమానవంతులుతో తెలుగులోకి వచ్చింది కదా, అక్కడి నుంచి మొదలుపెట్టి. నువ్వు వచ్చి తీరాలి. నీ దగ్గర ఉన్న క్యాసెట్లలో ఆవిడవి ఏమున్నాయో రాసి పంపు, అరవవి కూడా. అపూర్వ రాగంగళ్ తప్పకుండా, మొదటి జాతీయ అవార్డు దానికే కదా. పుహళేంది గారి గురించి కూడా అక్కడ పెద్దవాళ్లెవరినైనా అడుగు, ఆయన పేరు కూడా ఫ్లెక్సీల మీదకి ఎక్కదు, అది ఇంకో పెద్ద కథ, దాని గురించి నేను

మీ తమ్ముడు వచ్చేశాడు, వీధిలో హారన్ కొడుతున్నాడు. ఈ కవరు వాడి చేతికే ఇవ్వాలి, రైలుకి టైమయిందట. గోంగూర పచ్చడి సీసా కూడా వాడి సంచిలో పెట్టిస్తున్నాను, మూత గట్టిగా ఉందో లేదో చూసుకో. క్యాసెట్ల లిస్టు మర్చిపోకు.

నీ
పంతులు