పెట్రోలు అంటే రాతినూనె, మరి బంకులో పోసేది?

సంపాదకుడు గారికి నమస్కారం.

వారం కిందట నా పాత స్కూటరు స్టార్ట్ కాకపోతే మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాను. ఆయన విప్పి చూసి, "మాస్టారూ, ఇప్పుడొచ్చేది ఒట్టి పెట్రోలు కాదండీ, ఇథనాల్ కలుపుతున్నారు. మీది పాత బండి, రబ్బరు పైపులు చూసుకుంటూ ఉండాలి" అన్నాడు. చాలా ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ 'ఒట్టి పెట్రోలు' అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

పెట్రోలియం లాటిన్ మాట. 'పెట్రా' అంటే రాయి, 'ఓలియం' అంటే నూనె. రాతిపొరల్లో దొరికే నూనె అన్నమాట. ఆ ఓలియం కూడా మొదట ఆలివ్ కాయల నూనెకే పేరు. మన దగ్గరా ఇదే కథ. తిలల నుంచి వచ్చింది తైలం. నువ్వుల నెయ్యి నూనె అయింది. ఇప్పుడు వేరుశనగ నూనె, కొబ్బరి నూనె అంటుంటే నువ్వులు ఎవరికీ గుర్తు రావు. పెట్రోలియంలో ముందు ముక్క పెట్రోలు, 1890ల్లో ఇంగ్లండులో అమ్మకపు పేరుగా మొదలై అందరి మాటా అయింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు మాత్రం గ్యాస్ అంటారు.

మన బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో ఐదో వంతు రాతిపొరల్లోది కాదు. చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి తీసిన ఇథనాల్. 2022లో 10 శాతం ఉన్న ఈ కలపడం 2025కల్లా 20 శాతానికి చేరింది. దానివల్ల దిగుమతులు తగ్గితే, రైతు పంటకు గిరాకీ పెరిగితే సంతోషమే. కానీ లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పైగా అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి బండి కదపని వాళ్లకు ఈ సంగతి తెలియాలి కదా!

నూనె అర్థం మారడానికి తరాలు పట్టింది, జనమే మార్చుకున్నారు. ఇక్కడ కొన్నేళ్లలోనే సరుకు మారింది, పేరు అదే ఉంది. నేను పోయించుకునే బంకులో ఇంగ్లిషులో చిన్న స్టిక్కరు తప్ప ఇంకేమీ లేదు. ప్రతి పంపు మీదా 'ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు' అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయించాలని చమురు కంపెనీలనూ పౌర సరఫరాల శాఖనూ కోరుతున్నాను. మీరు వేసే ధరల పట్టికలోనూ పెట్రోలు పక్కన ఆ 20 శాతం మాట చేర్చగలరా?

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి