కెనరీ పిట్టలు, బొగ్గు బాయి, మన ఎనిమిదో క్లాసు

పేరెంట్స్ అందరికీ నమస్కారం.

ఈసారి లెటర్లో ఫీజుల ముచ్చట లేదు, ధైర్యంగా చదవండి. ఎనిమిదో క్లాసు పిల్లల్ని ఇంగ్లీషులో జంతువుల పేర్లతో ఉన్న ఇడియమ్స్ ఏరుకుని, ఒక్కోటి ఎక్కడినుంచి వచ్చిందో రాసుకురమ్మన్నాం, చార్టులు నింపేశారు, కొన్ని చదువుతుంటే భలే నవ్వొచ్చింది.

"రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అంటే కుండపోత వాన. సగం మంది ఒకే కథ రాశారు, పాతకాలం ఇంగ్లండ్‌లో గడ్డి కప్పుల మీద పిల్లులూ కుక్కలూ పడుకునేవట, వానొస్తే జారి కిందపడేవట. మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. ఇది 1999లో ఈమెయిల్ ఫార్వర్డ్‌గా తిరిగిన కథ, దానికి ఆధారమేం లేదు, అయినా గుడిసె కప్పు మీద కుక్క ఎందుకెక్కుతుందండీ? ఇలాంటి మాట 1650ల నాటి రాతల్లోనే ఉంది, ఇప్పుడు మనం అనే రూపంలో 1738లో జొనాథన్ స్విఫ్ట్ పుస్తకంలో కనిపిస్తుంది, అసలెట్లా పుట్టిందో మాత్రం ఇప్పటికీ తేలలేదు. "తెలియదు" అని రాసిన పిల్లలకి ఫుల్ మార్కులు ఇమ్మని మేడమ్‌కి చెప్పాను.

గిఫ్ట్‌గా వచ్చిన గుర్రం నోట్లోకి చూడొద్దు అనే మాట మాత్రం ఎవరికీ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది, గుర్రం వయసు పళ్ళని బట్టే తెలుస్తుంది, మన సంతలో ఎద్దుల్ని కొనేవాళ్ళు చేసేదీ అదే. ఊరికే ఇచ్చినదానికి కూడా పళ్ళు లెక్కపెడితే ఇచ్చినాయన ముఖం ఎట్లుంటది!

మొసలి కన్నీళ్ళు మనకీ ఉన్నాయి, వాళ్ళకీ ఉన్నాయి. మొసలి తింటూ ఏడుస్తుందన్నది పాత నమ్మకం, అయితే 2007లో ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ళు మొసలి జాతికి దగ్గరివైన ఎలిగేటర్లూ కేమన్లూ తింటుంటే గమనించారు, ఏడింటిలో ఐదింటికి నిజంగానే కళ్ళలో నీళ్ళొచ్చాయి. బాధతో కాదు లెండి.

ఇక అసలు సంగతి. ముందే ప్రమాదం పసిగట్టి చెప్పేదాన్ని ఇంగ్లీషులో "కెనరీ ఇన్ ఎ కోల్ మైన్" అంటారు. బొగ్గు గనిలో మంటలో పేలుడో జరిగితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలిసేలోపు పని అయిపోతుంది. చిన్న పిట్ట అయితే గాలి ఎక్కువ పీలుస్తుంది కాబట్టి మనిషికన్నా ముందే తూలి పడిపోతుంది, అది చూసి జనం బయటికి పరిగెత్తేవాళ్ళు. ఈ ఉపాయం 1890ల్లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే స్కాట్లండ్ సైంటిస్టు చెప్పాడు, బ్రిటన్ గనుల్లో 1986 దాకా పిట్టల్ని వాడారు. కొన్ని పంజరాలకి బుల్లి ఆక్సిజన్ సిలిండర్ కూడా ఉండేదట, పడిపోయిన పిట్టని మళ్ళీ లేపడానికి. ఇది విన్నాకే పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు, అంతదాకా పిట్ట ఏమైందని మేడమ్‌ని ఒకటే అడగడం.

ఆ తర్వాత వచ్చిన ప్రశ్న ఏంటంటే, మరి మా డాడీ బాయి దిగేటప్పుడు పిట్టని ఎందుకు తీసుకెళ్ళడు అని. సింగరేణిలో పనిచేసే పేరెంట్స్ మనకి చాలామందే ఉన్నారు కదా, గ్యాస్ ఎట్లా చెక్ చేస్తారో, మిషన్ కూత పెడితే ఏం చేస్తారో మాకన్నా మీరే బాగా చెప్తారు. గనిలో పని దగ్గరుండి చూసుకునే ఓవర్‌మన్లు, సర్దార్లు ఎవరైనా ఒక అరగంట వచ్చి మాట్లాడితే బాగుంటుంది, ఇంగ్లీషులోనే చెప్పాలని ఏం లేదు, తెలుగులో చెప్పండి, పిల్లలు ఇంగ్లీషులో రాసుకుంటారు.

ఇడియమ్స్ పుస్తకాలు కొని బట్టీ పట్టించకండి, ప్లీజ్. ఇంట్లో పెద్దవాళ్ళు వాడే కుక్క, కోతి, కాకి సామెతలు రాసి పంపండి, చార్టుల్లో ఒక వరస వాటికోసం ఖాళీగా ఉంచాం.

మాట్లాడటానికి వచ్చేవాళ్ళు డైరీలో మీ షిఫ్ట్ రాసి పంపితే దాన్ని బట్టి టైమ్ పెడతాం. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్ళు మాత్రం నిద్ర మానుకుని రావద్దు, ఇంకో వారం చూద్దాం.

మీ,
హెడ్‌మాస్టర్